చుక్క పెట్టాల్సిన కప్పులు ఏవి?

2025 మే 8 రాత్రి ధర్మశాలలో పంజాబ్, ఢిల్లీ జట్ల మ్యాచ్ సగంలో ఉండగానే స్టేడియం లైట్లు ఆర్పేసి జనాన్ని బయటికి పంపించారు. సరిహద్దులో డ్రోన్లు ఎగురుతున్న రోజులవి. మర్నాడు ఐపీఎల్‌ను వారం పాటు ఆపేశారు. మే 17న మళ్లీ మొదలుపెట్టి, జూన్ 3న అహ్మదాబాద్‌లో ముగించారు. బెంగళూరు జట్టు పంజాబ్‌ను 6 పరుగుల తేడాతో ఓడించి, 18వ సీజన్‌లో మొదటి కప్పు అందుకుంది. ఈలోగా స్వదేశాలకు వెళ్లిపోయిన విదేశీ ఆటగాళ్లలో కొందరు తిరిగి రాలేదు. వాళ్ల బదులు తాత్కాలికంగా వేరేవాళ్లను తీసుకోవచ్చని బోర్డు సడలింపు ఇచ్చింది. భారత్, పాకిస్థాన్‌ల మధ్య నాలుగు రోజుల సైనిక ఘర్షణ ఓ టోర్నీ మీద వేసిన నీడ ఇంతే. అయినా అప్పుడే ఓ ప్రశ్న లేచింది: పూర్తి బలగంతో ఆడని జట్లను ఓడించి గెలిచిన కప్పు, మామూలు రోజుల్లో గెలిచిన కప్పు ఒకే తూకం తూగుతాయా? అమెరికా బేస్‌బాల్ ప్రపంచం ఈ ప్రశ్నతో 80 ఏళ్లుగా కుస్తీ పడుతోంది. యుద్ధకాలపు విజేతల పేర్ల పక్కన అక్కడివాళ్లు మనసులోనే అనుమానంగా ఓ చుక్క పెట్టుకుంటారు. ఆ చుక్క తప్పు కాదు గానీ, పెట్టిన చోటు తప్పు. యుద్ధం ఖాళీ చేసిన స్థానాలు అందరికీ కనిపిస్తాయి. శాంతికాలంలో నియమాలూ అలవాట్లూ ఖాళీగా ఉంచిన స్థానాలు ఎవరి కంటా పడవు. టైటిళ్ల విలువను ఎక్కువగా దెబ్బతీసింది ఆ రెండో రకమే.

అమెరికా సంగతి ముందు చూద్దాం. 1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. ఆటను కొనసాగించాలా వద్దా అని బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఉత్తరం రాశాడు. 1942 జనవరి 15న జవాబు వచ్చింది. పొద్దస్తమానం పనిచేసే జనానికి వినోదం కావాలి, ఆట సాగితేనే దేశానికి మంచిది, అయితే వయసు సరిపోయిన ఆటగాళ్లు సైన్యంలోకి వెళ్లాల్సిందే అన్నది దాని సారాంశం. అలాగే వెళ్లారు. బాబ్ ఫెల్లర్, హాంక్ గ్రీన్‌బర్గ్, జో డిమాజియో, టెడ్ విలియమ్స్ వంటి మేటి ఆటగాళ్లతో సహా 500 మందికి పైగా అగ్రశ్రేణి ఆటగాళ్లు సైనిక దుస్తులు తొడుక్కున్నారు. మిగిలినవాళ్లు సైన్యం వైద్య పరీక్షలో పనికిరారన్నవాళ్లు, వయసు మీరినవాళ్లు, మీసాలు రాని కుర్రాళ్లు. 1944 జూన్‌లో సిన్సినాటి జట్టు జో నక్సాల్ అనే 15 ఏళ్ల పిల్లాడి చేత బంతి విసిరించింది. 1945లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ జట్టుకు పీట్ గ్రే ఒంటిచేత్తో ఆడాడు. అతని కుడిచేయి చిన్నప్పుడే పోయింది. అంతకు ముందు ఏడాది, 1944లో, ఇదే బ్రౌన్స్ జట్టు తన చరిత్రలో ఒకే ఒక్కసారి అమెరికన్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచి, వరల్డ్ సిరీస్ ఫైనల్స్‌లో అదే ఊరి కార్డినల్స్ చేతిలో ఓడింది. తర్వాత ఎన్నడూ ఆ స్థానం దక్కక, 1954కల్లా బాల్టిమోర్‌కు తరలిపోయింది. చుక్క పెట్టేవాళ్లకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

బ్రౌన్స్ విషయంలో వాళ్ల మాట కాదనలేం. యుద్ధం లేకపోతే ఆ జట్టు పైకి వచ్చేది కాదు. అయితే ఆ ఏడాది వాళ్లను ఓడించిన కార్డినల్స్ సంగతి? 1942లో, ఇంకా చాలామంది మేటి ఆటగాళ్లు ఇంటిదగ్గరే ఉండగా, కార్డినల్స్ ఛాంపియన్లు. 1944లోనూ వాళ్లే. సైనికులంతా తిరిగొచ్చాక 1946లో టెడ్ విలియమ్స్ ఉన్న బోస్టన్‌ను ఓడించి మళ్లీ వాళ్లే గెలిచారు. ముందూ వెనకా గెలిచిన జట్టుకు మధ్యలో గెలిచిన కప్పు మాత్రం యుద్ధం దయవల్ల దక్కిందనడం కుదరదు. అసలు లోటు వేరేచోట ఉంది. 1943, 1944 సంవత్సరాల్లో నల్లజాతి లీగుల ఛాంపియన్ హోమ్‌స్టెడ్ గ్రేస్. ఆ జట్టులో జోష్ గిబ్సన్ ఉన్నాడు. కార్డినల్స్‌తో గానీ బ్రౌన్స్‌తో గానీ ఒక్క అధికారిక మ్యాచ్ ఆడే అవకాశం అతనికి లేదు. ఒంటిచేతి ఆటగాడికి చోటుంది, 15 ఏళ్ల పిల్లాడికి చోటుంది, గిబ్సన్‌కు లేదు. జాకీ రాబిన్సన్ 1947 ఏప్రిల్‌లో మైదానంలోకి దిగేవరకూ ఆ తలుపు తెరుచుకోలేదు. అంటే 1903లో మొదలైన వరల్డ్ సిరీస్‌లో 1946 దాకా వచ్చిన ప్రతి కప్పులోనూ ఈ లోటు ఉంది. 1944కు చుక్క పెట్టినవాళ్లు శాంతికాలపు 1927కు ఎందుకు పెట్టలేదు? యుద్ధం ఏడాదికో రకం లోటు చూపించింది గనుక కనిపించింది. వర్ణవివక్ష ఏటా ఒకే లోటును చూపించింది గనుక అదే మామూలనిపించింది. 2020 డిసెంబర్‌లో నల్లజాతి లీగులను అగ్రశ్రేణి లీగులుగా గుర్తించి, 2024లో వాటి గణాంకాలను రికార్డుల్లో కలిపేసరికి జీవితకాల బ్యాటింగ్ సగటులో గిబ్సన్ అందరికన్నా పైకొచ్చాడు. 1947లో చనిపోయిన మనిషికి ఆ గౌరవం అందడానికి 77 ఏళ్లు పట్టింది.

మిగతా దేశాల్లో ఆటకు పట్టిన గతి తలోరకం. ఇంగ్లండ్‌లో 1940 నుంచి 1945 వరకు కౌంటీ ఛాంపియన్‌షిప్ జరగనే లేదు. 1933-34లో మన గడ్డ మీద టెస్టులు ఆడిన హెడ్లీ వెరిటీ 1943లో గాయాలతో ఇటలీలో ప్రాణాలు విడిచాడు. జపాన్‌లో ప్రొఫెషనల్ బేస్‌బాల్ నుంచి ఇంగ్లిష్ మాటలు ఏరేశారు, 1944లో సీజన్‌ను కుదించారు, 1945లో అదీ లేదు. 17 ఏళ్ల వయసులోనే బేబ్ రూత్‌ను బోల్తా కొట్టించిన ఎయిజీ సవామురా 1944 డిసెంబర్‌లో ఓడ మునిగి చనిపోయాడు.

మన దగ్గర జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. యుద్ధకాలంలో రంజీ ట్రోఫీ ఒక్క ఏడాది కూడా ఆగలేదు. మహారాష్ట్ర రెండుసార్లు, తర్వాత బొంబాయి, బరోడా, వెస్టర్న్ ఇండియా, మళ్లీ బొంబాయి, చివరికి 1945-46లో హోల్కర్ గెలిచాయి. 1942-43 ఫైనల్‌కు హైదరాబాద్ కూడా చేరి బరోడా చేతిలో 307 పరుగుల తేడాతో ఓడింది. ఆ సీజన్‌లో బరోడాకు ఆడుతూ 40 వికెట్లు తీసినవాడు సి.ఎస్. నాయుడు. మచిలీపట్నం మూలాలున్న తెలుగు కుటుంబంవాడు హైదరాబాద్‌ను ఓడించిన జట్టులో ఉండటం ఆనాటి క్రికెట్ తీరు చెబుతుంది. సంస్థానాధీశులు జీతమో, సైన్యంలో హోదానో ఇచ్చి ఆటగాళ్లను పోషించేవారు. పేరుకు ఔత్సాహిక క్రికెట్టే అయినా బతుకుతెరువు ఆ ఆటే. సి.ఎస్. అన్న, భారత తొలి టెస్ట్ కెప్టెన్ సి.కె. నాయుడు ఇండోర్‌లో హోల్కర్ మహారాజు సైన్యంలో కల్నల్, ఆయన క్రికెట్ జట్టుకు నాయకుడు. అమెరికాలో యుద్ధం మేటి ఆటగాళ్లను ఎత్తుకుపోయింది. ఇక్కడ ఆటగాళ్లు దాదాపు అందరూ మైదానంలోనే ఉన్నారు. పైగా సైన్యంతో వచ్చిన డెనిస్ కాంప్టన్, జో హార్డ్‌స్టాఫ్ వంటి ఇంగ్లండ్ టెస్ట్ ఆటగాళ్లు అదనంగా చేరారు. యుద్ధం మన టోర్నీని బలహీనపరచలేదు, ఒకరకంగా దానికి బలం తెచ్చింది.

1944-45 ఫైనల్ ఇందుకు మంచి నమూనా. 1945 మార్చిలో బొంబాయిలో, రోజుల లెక్క లేకుండా తేలేదాకా ఆడిన మ్యాచ్. బొంబాయి 462, 764. హోల్కర్ 360, 492. కలిపి 2,078 పరుగులు. బొంబాయికి రెండో ఇన్నింగ్స్‌లో విజయ్ మర్చంట్ 278 కొడితే, హోల్కర్‌కు ముస్తాక్ అలీ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ చేశాడు. మౌలో సైనిక ఉద్యోగంలో ఉండి హోల్కర్‌కు ఆడిన కాంప్టన్ ఓటమి ఖాయమైన ఇన్నింగ్స్‌లో 249 చేసి అజేయంగా మిగిలాడు. వీటన్నిటికన్నా నా దృష్టిలో పెద్ద అంకె వేరొకటుంది. అప్పటికి బరోడా విడిచి అన్న జట్టులో చేరిన సి.ఎస్. నాయుడు ఆ ఒక్క మ్యాచ్‌లో 917 బంతులు వేశాడు. 152.5 ఓవర్లు, 428 పరుగులు, 11 వికెట్లు. ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో అన్ని బంతులు వేసినవాడు గానీ, అన్ని పరుగులు ఇచ్చినవాడు గానీ మరొకడు లేడు. లెగ్‌స్పిన్ వేసే మణికట్టుకు అది ఎంత శిక్షో ఆడినవాళ్లకు తెలుస్తుంది. హోల్కర్ 374 పరుగుల తేడాతో ఓడింది. మరుసటి ఏడాది మైసూర్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో ఆరుగురు సెంచరీలు కొట్టగా 912 పరుగులు చేసి, ఫైనల్లో బరోడాను 56 పరుగులతో ఓడించి కప్పు తీసుకుంది. ఆ ఫైనల్లో డబుల్ సెంచరీ చేసిన సి.కె.కు అప్పటికి 50 ఏళ్లు నిండాయి.

ఇక్కడే ఆక్షేపణ వస్తుంది. 912లు, 764లు క్రికెట్ స్కోర్లేనా? సిమెంటు గచ్చులాంటి పిచ్‌లు, నీరసించిన బౌలర్లు, కొలమానంగా నిలిచే టెస్ట్ మ్యాచ్ లేదు. 1936 తర్వాత 1946 వరకు భారత్ ఒక్క టెస్టూ ఆడలేదు. ఇంట్లో పులులై కొట్టిన పరుగులను రికార్డుల్లో ఎంతవరకు నమ్మాలి? న్యాయమైన ప్రశ్నే. జవాబు 1946 వేసవిలో దొరికింది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది మన జట్టు ఇంగ్లండ్ వెళ్లింది. వానలు పడి పిచ్‌లు తడిసి ముద్దయిన వేసవి అది. అక్కడ మర్చంట్ 74.53 సగటుతో 2,385 పరుగులు చేశాడు. వినూ మన్కడ్ వెయ్యికి పైగా పరుగులు చేసి 129 వికెట్లు తీశాడు. సర్రేపై హోల్కర్ ఆటగాడు సర్వటే, షూట్ బెనర్జీ ఆఖరి వికెట్‌కు 249 పరుగులు జోడించి చెరో సెంచరీ కొట్టారు. గచ్చు మీద తప్ప ఆడలేని వాళ్లకు సాధ్యమయ్యే పనులు కావివి. అలాగని టెస్టుల్లో గెలిచింది మనం కాదు. కొత్తగా వచ్చిన అలెక్ బెడ్సర్ మొదటి రెండు టెస్టుల్లోనూ 11 చొప్పున వికెట్లు తీసి మన బ్యాటింగ్‌ను చీల్చాడు, సిరీస్ ఇంగ్లండ్‌దే. మంచి సీమ్ బౌలింగ్‌కు మనవాళ్లు అలవాటుపడలేదన్నది నిజం. ఆ లోపం యుద్ధానికి ముందూ ఉంది, తర్వాత చాలాకాలమూ ఉంది. దాన్ని యుద్ధకాలపు కప్పుల ఖాతాలో రాయడం తగదు. ఇక హోల్కర్ జట్టంటారా, 1944-45 నుంచి 1954-55 దాకా 11 సీజన్లలో పదిసార్లు ఫైనల్ ఆడి నాలుగుసార్లు గెలిచింది. కార్డినల్స్ లాగే, యుద్ధం పోయినా వీళ్ల బలం పోలేదు.

రెండో ఆక్షేపణ ఇంతకంటే బరువైనది. లెక్కలు సరే, అసలు ఆ రోజుల్లో ఆడటమే తప్పు కదా అంటారు కొందరు. 1943లో బెంగాల్‌లో కరువు సుమారు 30 లక్షల మందిని పొట్టనపెట్టుకుంది. ఆ సీజన్ రంజీ ఫైనల్లో ఆడిన జట్టు బెంగాల్! ఈ రెండు వాక్యాలను పక్కపక్కన చదివితే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. దీనికి ఆట ఆపి ఉంటే కరువు తీరేదా అన్న జవాబు తేలికగా దొరుకుతుంది గానీ, అది తప్పించుకునే జవాబు. గాంధీ 1940 డిసెంబర్‌లో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. బొంబాయి పెంటాంగ్యులర్ టోర్నీపై సలహా కోసం హిందూ జింఖానా ప్రతినిధులు వార్ధా వచ్చి కలిసినప్పుడు ఆయన రెండు అభ్యంతరాలు చెప్పారు. యుద్ధం నడుస్తుండగా, నాయకులు జైళ్లలో ఉండగా ఈ వినోదమేమిటన్నది ఒకటి. మతాలవారీగా జట్లు కట్టడం ఏమిటన్నది రెండోది. మొదటిది యుద్ధంతోనే పోయింది. రెండోది మాత్రం టోర్నీ పునాదిలోనే ఉంది, శాంతికాలంలోనూ ఉంది. ఆ ఏడాది హిందూ జట్టు తప్పుకుంది. క్విట్ ఇండియా కారణంగా 1942లో టోర్నీ జరగలేదు. తర్వాత మళ్లీ యథాప్రకారం నడిచింది. 1943లో ‘ద రెస్ట్’ జట్టుకు ఆడిన విజయ్ హజారే 387 పరుగుల ఇన్నింగ్స్‌లో 309 ఒక్కడే కొట్టి కూడా ఓడిపోయాడు. అతను ఆ జట్టులో ఎందుకు ఉన్నాడు? క్రైస్తవుడు గనుక. బ్యాటు పట్టే తీరుకూ, అతని ప్రార్థనకూ సంబంధమేమిటని అడిగినవాళ్లు గాంధీ పక్షాన కొద్దిమందే. 1946లో ఆ టోర్నీ ఆగిపోవడానికి యుద్ధం కారణం కాదు. మతం పేరిట దేశమే చీలుతున్న వేళ దాన్ని సమర్థించుకోవడం ఎవరివల్లా కాలేదు. చుక్క పెట్టాల్సి వస్తే పెంటాంగ్యులర్‌కు 1943 అనీ 1938 అనీ తేడా లేకుండా పెట్టాలి.

రికార్డు పుస్తకాల్లోలా ఆటనూ యుద్ధాన్నీ వేర్వేరు పుటల్లో రాయడం పల్నాడు వాళ్లకు ఏనాడూ అలవాటు లేదు. పల్నాటి వీరుల కథలో మాచర్ల, గురజాల మధ్య పగ కోళ్ల పోరులో ముదిరి, కారంపూడి రణరంగంలో తెల్లారింది. గురజాల వైపు నాగమ్మ కోడి గెలిచింది, పందెం ప్రకారం మాచర్ల వైపు బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లింది. బాలచంద్రుడి కథ సైతం బొంగరాలాట దగ్గరే యుద్ధంవైపు మలుపు తీసుకుంటుంది. కార్తీకంలో కారంపూడిలో జరిగే వీరారాధన ఉత్సవాల ఐదు రోజుల్లో ఒక రోజు మొత్తం కోడిపోరుకే కేటాయించారు. కథ పాడే వీరవిద్యావంతులు పందెం ఫలితాన్ని చెబుతారు, అందులో మోసం జరిగిందన్న ఆరోపణనూ చెబుతారు. మోసం ఉందని ఫలితాన్ని కొట్టేయరు, ఫలితం తేలిందని ఆరోపణను దాచరు. నాగమ్మ తప్పేమీ లేదని వాదించే గురజాల వైపువాళ్లు ఈనాటికీ ఉన్నారు, వాదన ఆగలేదు. క్రీడల రికార్డు పుస్తకాలకు లేని పద్ధతి ఇది. అక్కడ అంకె ఒకటి, దాని పక్కన చుక్క ఉంటే ఉంది, లేకుంటే లేదు. ఎవరు ఆడారో, ఎవరిని ఆడనివ్వలేదో, ఆ ఏడాది బయట ఏం జరుగుతోందో ఆ పుస్తకంలో దొరకదు. అలా అన్నీ రాస్తే గెలిచినవాడి గెలుపు పలచబడుతుందని కొందరి భయం. గిబ్సన్ అంకెలు కలిపినంత మాత్రాన టెడ్ విలియమ్స్ చిన్నవాడయ్యాడా? 912కు పక్కన పిచ్ స్వభావం రాస్తే హోల్కర్ కప్పు వెనక్కి తీసుకోవాల్సి వస్తుందా?

ఈ లెక్క మన పల్నాడు జిల్లాకూ వర్తిస్తుంది. యుద్ధకాలంలో పల్నాడు గుంటూరు జిల్లాలో, గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. రంజీలో మన ప్రాంతానికి ఉన్న జట్టు మద్రాసు ఒక్కటే. 1940-41లో అది ఫైనల్ చేరి మహారాష్ట్ర చేతిలో ఓడింది. ఆ జట్టులో చోటు కావాలంటే మద్రాసు నగరంలో కాలేజీయో, క్లబ్బో, ఉద్యోగమో ఉండాలి. నరసరావుపేటలోనో మాచర్లలోనో బంతి ఎంత బాగా తిప్పినా చూసే కన్ను లేదు. సి.ఎస్., సి.కె. సోదరులు పేరు తెచ్చుకున్నారంటే వాళ్ల కుటుంబం ఎప్పుడో నాగపూర్ చేరింది, ఆపై సంస్థానాల ఆదరణ దొరికింది. ఇదంతా యుద్ధం చేసింది కాదు. 1934-35లో రంజీ పుట్టిన నాటి నుంచి 1952-53 వరకు 19 సీజన్లు ఆంధ్ర పేరిట జట్టే లేదు. రాష్ట్రం ఏర్పడిన 1953-54 సీజన్‌లోనే ఆంధ్ర తొలిసారి బరిలో దిగింది. దానికి కెప్టెన్‌గా వచ్చినవాడు 58 ఏళ్ల సి.కె. నాయుడు. అంటే మన తొలి జట్టుకు నాయకత్వం వహించడానికి ఆట వయసులో ఉన్న ఓ స్థానికుడి బదులు, హోల్కర్‌కు జీవితం ధారపోసిన పెద్దమనిషిని పిలవాల్సి వచ్చింది. అది ఆయనకు గౌరవమే. జిల్లాల్లో అంతకాలం ఎవర్నీ తయారుచేయలేదనడానికి రుజువు కూడా. ఆ 19 సీజన్ల విజేతల పట్టికలో 1939 నుంచి 1945 వరకు ఉన్న పేర్లను వేలెత్తి చూపించేవారు మిగతా సీజన్ల పేర్లను కూడా అదే వేలితో చూపించాలి. ఆంధ్ర క్రికెట్ సంఘం తన చరిత్రను ఎప్పుడు అచ్చువేసినా 1953 నుంచి మొదలుపెట్టకుండా, అంతకు ముందు ఈ జిల్లాల నుంచి మద్రాసు జట్టుకు ఎంతమంది వెళ్లగలిగారో, ఎక్కడ చదివి ఎవరి కంటపడి వెళ్లారో వెతికి మొదటి పుటల్లో వేయాలి. ఆ పేర్లు పిడికెడే తేలినా సరే, అచ్చువేయాల్సిందే.